పదకొండు సినిమాలు, మొహమాటం లేకుండా: ఏది ఎలా చూడాలి, ఎక్కడ ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కొచ్చు

మీరిచ్చిన జాబితా ఇది: మాయాబజార్, శంకరాభరణం, స్వాతిముత్యం, పుష్పక విమానం, దాసి, శివ, ఆదిత్య 369, ఐతే, బాహుబలి, మహానటి, కేరాఫ్ కంచరపాలెం. అడిగినవి రెండు. సెలవుల్లో పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తే ఇవి పేరుకు తగ్గట్టు ఉంటాయా అన్నది ఒకటి. పాతవి కొత్త టీవీలో పెడితే ఏదో తేడాగా కనిపిస్తున్నాయి, ఎందుకన్నది రెండోది. రెండోదాని సంగతి ముందు తేల్చుకుందాం. అది తేలకపోతే మొదటిదానికి ఏం చెప్పినా వృథా.

1950ల నాటి సినిమా ఫ్రేము దాదాపు నాలుగుకి మూడు కొలతలో ఉంటుంది. మన టీవీ పదహారుకి తొమ్మిది. రిమోట్‌లో 'ఫుల్', 'స్ట్రెచ్' లాంటివి పెడితే మనుషులంతా పొట్టిగా, లావుగా అవుతారు. 'జూమ్' పెడితే పైన కిరీటాలు, కింద పాదాలు పోతాయి. 'ఒరిజినల్' లేదా '4:3' పెట్టండి. రెండు పక్కలా నల్ల పట్టీలు రావాలి, అవి వస్తేనే సరిగ్గా ఉన్నట్టు. తెలుగులో సినిమాస్కోప్ (బాగా వెడల్పాటి ఫ్రేము) 1974లో అల్లూరి సీతారామరాజుతో వచ్చింది. ఆ తర్వాత స్కోప్‌లో తీసినవాటికి పట్టీలు పైనా కిందా వస్తాయి. పాత టీవీ పెట్టెల కాలంలో పట్టీలు కనబడకూడదని ఆ సినిమాల రెండు పక్కలూ కోసేసి కాపీలు తయారుచేశారు. వాటిల్లో ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకునే షాట్ వస్తే ఇటు ఒక ముక్కు, అటు ఒక చెవి మాత్రం మిగులుతాయి. ఏ కాపీ కోసిందో పట్టుకోవడం తేలిక: టైటిల్స్‌లో పేర్ల మొదటి అక్షరమో చివరి అక్షరమో తెగిపోయి ఉంటే దాన్ని వదిలేసి వేరేది వెతుక్కోండి.

ఇక కదలిక. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. కొత్త టీవీలు మధ్యలో లేని ఫ్రేముల్ని కల్పించి నింపుతాయి, అందుకే సినిమా కాస్తా డైలీ సీరియల్‌లా కనిపిస్తుంది. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టుకుంది గానీ పిక్చర్ సెట్టింగ్స్‌లో 'మోషన్' అన్న మాట ఎక్కడుందో చూసి ఆపేయండి. 'సినిమా' మోడ్‌గానీ 'ఫిల్మ్‌మేకర్' మోడ్‌గానీ ఉంటే అది చాలు. ట్రిక్ షాట్లున్న పాత సినిమాలకి ఈ సెట్టింగు చేసే హాని ఇంతా అంతా కాదు. టక్కున మారాల్సినది సాగి మారుతుంది, మాయ కాస్తా మరకైపోతుంది.

శబ్దం దగ్గర ఇంకో తిరకాసు. జాబితాలో పాతవన్నీ మోనో, అంటే శబ్దమంతా ఒకే చానల్. సౌండ్‌బార్‌లో 'సరౌండ్', '3డి' లాంటివి ఉంచితే గొంతులు బావిలోంచి వచ్చినట్టుంటాయి. 'స్టాండర్డ్' లేదా 'వాయిస్' పెట్టండి. కొన్ని పాత డిస్కుల్లో, వాటినుంచి నెట్‌కి ఎక్కించిన కాపీల్లో సినిమా 24కి బదులు 25 ఫ్రేముల వేగంతో నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాల ముందే అయిపోతుంది, పాట దాదాపు అర శ్రుతి పైకెక్కుతుంది. మిగతావాటికి సర్దుకుపోవచ్చు గానీ శంకరాభరణానికి కుదరదు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ వాడేవాళ్లు వేగం 0.96కి తగ్గించి, ఆడియో సెట్టింగ్స్‌లో 'టైమ్ స్ట్రెచింగ్' టిక్కు తీసేయాలి. టిక్కు ఉంచేస్తే వేగం తగ్గుతుంది గానీ శ్రుతి దిగదు.

ఇప్పుడు సినిమాలు. నాకు ఒకే కొలబద్ద ఉంది: సినిమా ఏ యుక్తితో పేరు తెచ్చుకుందో ఆ యుక్తిని తీసేస్తే సీను కూలిపోవాలి. కూలకుండా నిలబడితే ఆ యుక్తి పైపూత కిందే లెక్క.

మాయాబజార్ (1957) ఈ పరీక్షలో నూటికి నూరు. కె.వి.రెడ్డి తీసిన ఈ సినిమాలో మాయలు బోలెడు. చాపలు వాటంతట అవే చుట్టుకుంటాయి, మంచాలు తిరగబడతాయి, గంగాళాల్లో వంటకాలు మాయమవుతాయి. కానీ ఏ మాయా ఊరికే రాదు. ప్రియదర్శిని పెట్టెనే తీసుకోండి. మూత తీసినవాళ్లకి తమకు అత్యంత ఇష్టమైనది కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని. ఐదు నిమిషాల వినోదంలో ఎవరి మనసు ఎక్కడుందో, రేపు ఎవరు ఎవరివైపు నిలబడతారో చెప్పేశాడు. పాండవుల కథే అయినా పాండవులు ఒక్క షాట్‌లోనూ కనబడరు, ఆ లోటు ఎవరికీ తెలియదు కూడా. రచనలో పనితనం అంటే అదీ.

సినిమా మొత్తంలో ఒక్క భాగమే చూడాలంటే మాయా శశిరేఖ భాగం చూడండి. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. అంటే సావిత్రి ఇక్కడ ఆడపిల్లగా కాదు, ఆడపిల్ల వేషంలో ఉన్న ఎస్.వి.రంగారావుగా నటించాలి. భుజాలు ఎగరేయడం, నడకలో అడుగు బరువు, ఎవరూ చూడనప్పుడు కనుబొమ్మ లేపడం, చూడగానే సిగ్గుపడిపోవడం, అన్నీ రంగారావు అంతకుముందు చేసి చూపించినవే. 'అహ నా పెళ్లియంట'లో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు తొంగిచూసి మళ్లీ సర్దుకుంటుంది, సావిత్రి ముఖం ఆ మార్పుకి ఒక్క క్షణం కూడా ఆలస్యం కాదు. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు రేలంగి ముఖం చూడండి, ఆమె ముఖం తర్వాత చూద్దురుగానీ.

2010లో వచ్చిన రంగుల మాయాబజార్ జోలికి మాత్రం మొదటిసారే పోకండి. మార్కస్ బార్ట్‌లే వెలుగు పెట్టింది నలుపు తెలుపుల కోసం. వెనకనుంచి జుట్టు అంచున ఒక సన్నటి వెలుగు, ముఖం మీద ఒక మెత్తని బూడిద రంగు, వెనక గోడ దానికంటే ఒక మెట్టు ముదురు. మనిషిని నేపథ్యం నుంచి విడదీసేది ఆ మెట్లే. వాటిమీద రంగు పూస్తే మెట్లన్నీ ఒకటైపోతాయి. 'లాహిరి లాహిరి'లో వెన్నెల పోయి నీలం మిగిలింది. పైగా రంగుల ప్రతిలో నిడివి కూడా తగ్గించారు. నలుపు తెలుపంటే మొహం తిప్పుకునే పిల్లలకి కూడా 'వివాహ భోజనంబు' నుంచి మొదలుపెట్టి చూపించండి, తర్వాత వాళ్లే వెనక్కి తిప్పమంటారు. నిడివి మూడు గంటలు, పద్యాలు తెలియనివాళ్లకి మొదటి అరగంట నెమ్మదిగా అనిపించే మాట నిజమే.

శంకరాభరణం (1980) గురించి చెడు చెబితే ఇంట్లో పెద్దవాళ్లకి కోపం వస్తుంది, అయినా చెప్పాలి. కె.వి.మహదేవన్ సంగీతం, బాలూ మహేంద్ర కెమెరా, మాట తక్కువ మాట్లాడి సినిమా అంతా మోసిన మంజు భార్గవి, వీటిమీద వంక పెట్టడానికి లేదు. శంకరశాస్త్రి, తులసి (మంజు భార్గవి) ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేది దాదాపు శూన్యం. వాళ్ల మాటలన్నీ అల్లు రామలింగయ్య చేసిన లాయరు మాధవయ్యే మాట్లాడతాడు. ఆ ఎంపిక చాలా తెలివైనది. ఇబ్బందల్లా పాశ్చాత్య సంగీతం పాడే కుర్రాళ్ల సీను దగ్గర. వాళ్లని మరీ వెర్రివాళ్లని చేసి నిలబెట్టి శాస్త్రిగారిని గెలిపించారు. ఓడించడానికే పెట్టిన ప్రత్యర్థి మీద గెలుపు గెలుపెలా అవుతుంది? చంద్రమోహన్, రాజ్యలక్ష్మిల ప్రేమకథ కూడా అసలు కథ ముందు తేలిపోతుంది. అయినా 'దొరకునా ఇటువంటి సేవ' వచ్చేసరికి ఇవేవీ గుర్తుండవు. వేగం ఎక్కిన కాపీలో మాత్రం చూడకండి, బాలుగారి గొంతు సన్నబడిపోతుంది.

శంకరాభరణం తీసిన విశ్వనాథ్‌గారి స్వాతిముత్యం (1986) విషయంలో నా అభిప్రాయం ఇంకా కటువు. ఆ ఏడాది ఆస్కార్‌కి మన దేశం పంపిన సినిమా అది, కమల్ హాసన్ నటనకి, ఇళయరాజా పాటలకి తిరుగులేదు. కానీ కథ ఇరుసు ఏమిటి? భర్త పోయిన ఆడమనిషి మెడలో, ఆమెని అడగకుండా, లోకజ్ఞానం లేనివాడు సీతారాముల కల్యాణం జరుగుతుంటే తాళి కట్టేస్తాడు. అతని అమాయకత్వం చూసి మనం కరిగిపోవాలి, ఆమె సర్దుకుపోవాలి. సినిమా వితంతు వివాహాన్ని సమర్థించింది నిజం, 1986లో అది చిన్న విషయం కాదు. ఆమె ఇష్టాయిష్టాల్ని అడగడం మరిచిపోయింది, అదీ నిజమే. రాధిక నటన వల్లే ఆ తర్వాతి సగం నమ్మబుద్ధేస్తుంది. పిల్లలతో చూస్తే ఆ సీను దగ్గర ఆపి మాట్లాడుకోండి. అంత ఓపిక లేకపోతే 'వటపత్రశాయికి', 'సువ్వి సువ్వి' విడిగా పెట్టుకుని వినండి, నష్టమేమీ లేదు.

పుష్పక విమానం (1987) పిల్లలకి భాష రాకపోయినా బెంగలేనిది, ఎందుకంటే ఇందులో ఒక్క డైలాగూ లేదు. సింగీతం శ్రీనివాసరావు బెంగళూరులో తీశారు, ఒక్కో భాషలో ఒక్కో పేరు పెట్టి విడుదల చేశారు. మాటల్లేవు కదా అని శబ్దం తగ్గించి, పక్కన ఫోను చూసుకుంటూ చూశారో, సగం పోయినట్టే. నిరుద్యోగి ఉండేది సినిమా హాలు పక్కన లాడ్జి గదిలో. రాత్రంతా ఫైటింగుల చప్పుడు. ధనవంతుడి స్థానంలో స్టార్ హోటల్లో చేరాక మెత్తని పరుపు మీద నిద్ర పట్టదు. పాత గది దగ్గరికి పోయి ఆ ఫైటింగుల చప్పుడు టేపులో రికార్డు చేసుకొచ్చి పెట్టుకుంటే హాయిగా నిద్రపోతాడు. మాటలుంటే ఈ సీను రాసేవాళ్లే కాదు. మాటల్లేకపోవడం అన్న యుక్తి పనిచేసింది ఇలాంటిచోటే. టినూ ఆనంద్ మంచు కత్తులు కూడా అంతే. కరిగిపోయే ఆయుధంతో చంపాలనుకున్నవాడు, అది కరిగేలోగా పని ముగించలేకపోవడమే అతని బాధ. ఒప్పుకోలేనిది ఒకటే: గదిలో కట్టేసి పడేసిన ఆ ధనవంతుడి మీద హాస్యం సాగదీశారు. ఆ మనిషి మలమూత్రాల్ని గిఫ్టు ప్యాకెట్ చేసి పారేసే హాస్యానికి పిల్లలు పడిపడి నవ్వుతారు, పెద్దవాళ్లు భోజనం ముగించి కూర్చోవడం మంచిది.

దాసి (1988) మీ జాబితాలోకి ఎలా వచ్చిందోగానీ వచ్చినందుకు సంతోషం. దీన్ని మాత్రం పిల్లలతో చూడొద్దు. తెలంగాణ గడిలో (దొర ఉండే కోటలాంటి ఇంట్లో) దొరసానికి అరణంగా, అంటే పుట్టింటి కానుకగా వచ్చిన ఆడబాప (దాసి) కథ. దొర ఆమెని వాడుకుంటాడు, వచ్చిన అతిథులకీ పంపిస్తాడు, గర్భం వస్తే తీయించేస్తారు. బి.నర్సింగరావు దీన్ని ఏడుపుల్లేకుండా, ఉపన్యాసాల్లేకుండా తీశారు. అర్చనకి ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. కెమెరా పట్టిన అపూర్వ కిశోర్ బీర్‌కి, కళా దర్శకత్వం చేసిన చిత్రకారుడు వైకుంఠానికి, దుస్తులకి సుదర్శన్‌కి కూడా వచ్చాయి. అవార్డులు ఎందుకు చెబుతున్నానంటే, ఈ సినిమాలో సగం కథ గోడలూ బట్టలూ చీకటీ చెబుతాయి. అందుకే దీన్ని పగటిపూట కిటికీలు తెరిచి, ఫోనులో చూస్తే బోరు కొడుతుంది. రాత్రి లైట్లు ఆర్పి చూడండి. చీకటిగా ఉందని బ్రైట్‌నెస్ పెంచొద్దు, నలుపు బూడిదగా మారి గడి లోపలి భయం పోతుంది. నెట్ కాపీల్లో చీకటి చోట్ల బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది, దొరికినవాటిలో పెద్ద సైజు ఫైలు ఎంచుకోండి. కదలిక తక్కువ, నిజమే. ఒక పనిమనిషి రోజు ఎలా గడుస్తుందో చూపించే సినిమాకి అదే నడక.

శివ (1989). రాంగోపాల్ వర్మ మొదటి సినిమా. సైకిల్ చైను గురించి అందరూ చెప్పేశారు గనక ఆ సీన్‌లో చెవి ఎక్కడ పెట్టాలో చెబుతాను. చైను తెంపేటప్పుడు వచ్చే ఇనుప చప్పుడు, దానికి ముందున్న నిశ్శబ్దం, ఈ రెంటి మధ్యే ఉంది దెబ్బ. అప్పటిదాకా తెలుగు ఫైట్లంటే డిష్యుం డిష్యుం, వెనక బాకాలు. ఇక్కడ వస్తువు తన చప్పుడు తానే చేసింది. రఘువరన్ చేసిన భవాని గొంతెత్తడు, ఎత్తాల్సిన అవసరం అతనికి లేదు. తర్వాత పదేళ్లు వచ్చిన నకళ్లు చైనుని, కాలేజీ గొడవల్ని ఎత్తుకెళ్లాయి గానీ ఆ నిశ్శబ్దాన్ని ఎవరూ ఎత్తుకెళ్లలేదు. పాపని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని సందుల్లో పారిపోయే సీను స్టెడికామ్ గొప్ప. కెమెరా వెంట పరిగెత్తినా వణకదు, అందుకే మన గుండె పరిగెడుతుంది. లోపాలూ ఉన్నాయి. పాటలు కథని పట్టుకుని ఆపేస్తాయి, 'బోటనీ పాఠముంది' ఒక్కటే కాలేజీ వాతావరణానికి పనికొచ్చింది. రెండో సగంలో అమల పాత్రకి ఎదురుచూడటం తప్ప పని లేదు. పాటల దగ్గర నిస్సంకోచంగా ఫార్వర్డ్ నొక్కండి.

ఆదిత్య 369 (1991) మూడు సినిమాల కట్ట. మధ్యది మాత్రమే గొప్పది. టైమ్ మెషీన్ ఎక్కి 1526 నాటి విజయనగరానికి చేరాక జంధ్యాల మాటలు, తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్, 'జాణవులే' పాట, బాలకృష్ణ రాయలవారి ఠీవి, అన్నీ కుదిరాయి. అక్కడ హాస్యం యంత్రం వల్ల రాలేదు, వర్తమానం మనిషి ఆ కొలువులో నిలబడటం వల్ల వచ్చింది. 2504లోకి వెళ్లాక సెట్టు ఖర్చు కనిపిస్తుంది గానీ మనుషులు కనబడరు. అమ్రీష్ పురి వజ్రాల వేట మొదట్లోనూ చివర్లోనూ ఒకటే తీరు. పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్ ముగ్గురు పంచుకుని కెమెరా పనిచేశారు, ఆ అతుకు కనబడకపోవడం మాత్రం మెచ్చుకోవాలి. పదేళ్ల పిల్లలకి జాబితాలో ఇదే మొదట పెట్టండి.

ఐతే (2003) చంద్రశేఖర్ యేలేటి మొదటి సినిమా. డబ్బు తక్కువని తెలుస్తూనే ఉంటుంది, నలుగురు కుర్రాళ్లలో ఒకరిద్దరి నటన పచ్చిగా ఉంటుంది. కానీ పవన్ మల్హోత్రా తెరమీదకి రాగానే గదిలో ఉష్ణోగ్రత మారుతుంది. ఇలాంటి థ్రిల్లర్‌కి ప్రాణం ఎవరికి ఎంత తెలుసు, ప్రేక్షకుడికి ఎప్పుడు తెలిసింది అన్న లెక్క. ఆ లెక్క ఇందులో ఎక్కడా తప్పలేదు. మధ్యలో వంటింట్లోకి వెళ్లొస్తే మాత్రం పట్టు దొరకదు, ఆపి వెళ్లండి.

బాహుబలి గురించి కొత్తగా చెప్పేదేముంది? మొదటి భాగం (2015) యుద్ధం ఇంటి టీవీలోనూ బాగుంటుంది, ఎందుకంటే ఆ యుద్ధంలో ఒక వ్యూహం ఉంది, ఎవరు ఎటునుంచి వస్తున్నారో తెలుస్తుంది. రెండో భాగం (2017) చివర్లో తాటిచెట్లు వంచి సైనికుల్ని కోటలోకి విసిరే సీను చూస్తే, గ్రాఫిక్స్ చేయగలం గనక చేశామన్నట్టుంటుంది. తీసేసినా కథకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అవంతికని ఆమెకి ఇష్టం ఉందో లేదో చూడకుండా పట్టుకుని జుట్టు విప్పి, బట్టలు మార్చి 'ఆడపిల్ల'ని చేసే పాట విసుగు తెప్పిస్తుంది. రెండో భాగంలో అనుష్క ఉన్న మొదటి గంట మొత్తం జాబితాలో అత్యంత సరదా అయిన గంట.

మహానటిని (2018) మాయాబజార్ కంటే ముందు చూడకండి. కీర్తి సురేశ్ 'అహ నా పెళ్లియంట'ని మళ్లీ చేసి చూపిస్తుంది. అసలుది చూసి ఉంటేనే ఆమె ఎక్కడ కొలిచి చేసిందో, ఎక్కడ తన ఊపిరి కలిపిందో తెలుస్తుంది. కెమెరామన్ డాని సాంచెజ్ లోపెజ్ పనితనం, ఆనాటి స్టూడియోల వాతావరణం గొప్పగా ఉన్నాయి. సమంత, విజయ్ దేవరకొండల విలేఖరుల కథ మాత్రం ఒక పట్టాన అసలు కథని ముందుకు పోనివ్వదు. సావిత్రి పతనం మొదలయ్యాక సినిమాకి భయం పట్టుకుంది. ఆమెని తప్పు పట్టకూడదు, ఎవరినీ మరీ చెడ్డవాళ్లని చేయకూడదు. ఆ భయంతో చివరి భాగం నివాళిలా తయారైంది, అసలు మనిషి దూరమైంది.

చివరగా కేరాఫ్ కంచరపాలెం (2018). విశాఖలోని కంచరపాలెంలో, ఎక్కువగా ఆ ఊరివాళ్లతోనే వెంకటేశ్ మహా తీశారు. దీనిగురించి చూడకముందు ఏమీ చదవకండి, ట్రైలర్ కింద వ్యాఖ్యలు కూడా. నాలుగు ప్రేమకథలు వేర్వేరు వయసుల్లో నడుస్తాయి, వాటి మధ్య సంబంధం చివర్లో తెలుస్తుంది. ముందే తెలిస్తే సగం పోతుంది. మాటలు చిత్రీకరణలోనే రికార్డు చేసినవి గనక వీధి చప్పుడు కలిసి ఉంటుంది. ఉత్తరాంధ్ర యాస అలవాటు లేనివాళ్లకి మొదటి పదిహేను నిమిషాలు మాట అందదు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, తెలుగువాళ్లం కదా అని నామోషీ పడొద్దు. చిన్నపిల్లల కథలో ముచ్చటగొలిపే ప్రయత్నం కొంచెం ఎక్కువైంది. బ్రాందీ షాపులో పనిచేసే గడ్డం, సలీమాల కథ ముందు మిగతా మూడూ దిగదుడుపే. నలభై తొమ్మిదేళ్ల అటెండర్ రాజుగా సుబ్బారావుగారు నటించారని అనిపించకపోవడమే ఆయన నటన. రెండోసారి చూసేటప్పుడు నాలుగు కథల్లోనూ దేవుడి ప్రస్తావన ఎక్కడెక్కడ వస్తుందో గమనించండి, చివరి మలుపుకి మేకులన్నీ అక్కడే కొట్టి ఉన్నాయి.